పాత ల్యాప్‌టాప్ కార్డు స్లాటును లైనక్స్ కెర్నెల్‌తో నడిపించుడు ఎట్ల? మినీ డీవీ పెళ్లి క్యాసెట్ల కోసం

[తెర మీద: హనుమకొండల ఒక ఫోటో స్టూడియో అటక. అట్టపెట్టె నిండా చిన్న క్యాసెట్లు. అంచుల మీద పెన్నుతో రాసిన పేర్లు, తారీకులు.]

నమస్తే అందరికీ. హనుమకొండల గానీ, జగిత్యాలల గానీ, మంచిర్యాలల గానీ ఇరవై ఏండ్ల సంది నడుస్తున్న ఫోటో స్టూడియోకు పోయి చూడండి. అటక మీద మినీ డీవీ, అంటే చిన్న డిజిటల్ వీడియో క్యాసెట్ల పెట్టె ఒకటి ఉంటది. పెళ్లిళ్లు, బతుకమ్మ ఆటలు, మేడారం జాతర, అప్పట్ల అన్నీ దాంట్లనే ఎక్కినయ్. కొన్ని ఇండ్లల్ల తాతది, అమ్మమ్మది గొంతు ఇప్పుడు ఆ టేపుల తప్ప ఇంకెక్కడా దొరకదు. టేపు మీది అయస్కాంతపు పూత ఏండ్లు గడిచేకొద్దీ పాడైతది, తేమ తగిలితే బూజు పడుతది. కాబట్టి ఈ పని వచ్చే ఏడు చేద్దామని పక్కకు పెట్టేది కాదు.

టేపుల ఉన్నది ఉన్నట్టు కంప్యూటర్‌కు రావాలంటే ఫైర్‌వైర్ తీగె (క్యామ్‌కార్డర్ నుంచి డిజిటల్ వీడియోను నేరుగ పంపేది) ఒక్కటే సరైన దారి. పసుపు, ఎరుపు, తెలుపు తీగెలతో కూడా బొమ్మ వస్తది, కానీ అది అనలాగ్ నకలు, రంగు, పదును తగ్గుతయ్. ఆ కాలపు క్యామ్‌కార్డర్లకు యూఎస్‌బీ రంధ్రం ఉన్నా, చాలా వాటిల అది ఫోటోలకో, తక్కువ నాణ్యత వీడియోకో పెట్టింది. ఇంకో మాట గట్టిగా చెప్పాలె. ఒక కొసకు యూఎస్‌బీ, ఇంకో కొసకు ఫైర్‌వైర్ పిన్ను పెట్టిన తీగెలు ఆన్‌లైన్‌ల దొరుకుతయ్. వాటి లోపల చిప్పు ఉండదు, ఉత్త తీగెనే. డీవీ వీడియో వాటితోని రాదు. పైసలు పెట్టకండి.

మరి ఫైర్‌వైర్ ఎక్కడిది? చాలామంది మూలకు పడేసిన పాత ల్యాప్‌టాప్ పక్కన ఒక సన్నని స్లాటు ఉంటది చూడండి. దాంట్ల పెట్టే ఫైర్‌వైర్ కార్డు సెకండ్ హ్యాండ్‌ల ఇప్పటికీ దొరుకుతది. ఆ స్లాటును, కార్డును లైనక్స్ కెర్నెల్ (హార్డ్‌వేర్‌ను నడిపించే లైనక్స్ లోపలి ముఖ్య భాగం) గుర్తుపట్టేటట్టు చేసుడే ఈ వీడియో.

[తెర మీద: మూడు కార్డులు పక్కపక్కన, దగ్గరి నుంచి.]

కెర్నెల్ మెనూ తెరిచే ముందు కార్డును చేతిల పట్టుకొని చూడాలె. ఈ మెట్టు దాటేసినోళ్లే తర్వాత పరేషాన్ అయితరు. చూడడానికి ఒక్క తీరుగనే ఉన్నా, ఇవి మూడు వేరు వేరు జాతులు.

మొదటిది 16-బిట్ పీసీ కార్డు. అందరూ పీసీఎంసీఐఏ కార్డు అంటరు. ఆ పేరు 1989ల మొదలైన సంఘానిది. 68 రంధ్రాలు, వెడల్పు 54 మిల్లీమీటర్లు. రెండోది కార్డ్‌బస్, 1995ల వచ్చింది. అదే కొలత, అవే 68 రంధ్రాలు. కానీ రంధ్రాల పైన బంగారు రంగు లోహపు పట్టీ, దాని మీద చిన్న చిన్న బుడిపెలు కనబడతయ్. ఆ పట్టీ ఉంటే కార్డ్‌బస్, లేకపోతే 16-బిట్. ఇంతకంటే సులువైన గుర్తు లేదు. మూడోది ఎక్స్‌ప్రెస్‌కార్డ్, 2003 నాటిది. 26 కాంటాక్టులే. వెడల్పు 34 మిల్లీమీటర్లు, లేదా ఎల్ ఆకారంల 54.

కెర్నెల్‌కు ఈ తేడా ఎందుకు? 16-బిట్ కార్డు తనదైన పాత పద్ధతిల మాట్లాడుతది. దానికి ప్రత్యేకంగ పీసీఎంసీఐఏ డ్రైవర్ కావాలె. కార్డ్‌బస్ అయితే 32-బిట్, 33 మెగాహెర్ట్‌జ్ పీసీఐ. పీసీఐ అంటే కంప్యూటర్ లోపల పరికరాలు కలిసే దారి. కెర్నెల్ కండ్లకు అది మదర్‌బోర్డు మీద ఉన్న మామూలు పీసీఐ పరికరమే, మామూలు పీసీఐ డ్రైవరే సరిపోతది. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ లోపల ఉండేది పీసీఐ ఎక్స్‌ప్రెస్, లేకపోతే యూఎస్‌బీ 2.0. దానికి పీసీఎంసీఐఏతో సంబంధమే లేదు. ఎక్స్‌ప్రెస్‌కార్డ్ పెట్టుకొని పీసీఎంసీఐఏ ఆప్షన్లన్నీ ఆన్ చేసినా ఏ ఫలితమూ ఉండదు.

[తెర మీద: టెర్మినల్. ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్, దాని జవాబు.]

కార్డు తెలిసింది. ఇప్పుడు ల్యాప్‌టాప్ సంగతి. టెర్మినల్‌ల ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టండి, పీసీఐ పరికరాల జాబితా వస్తది. జవాబుల కార్డ్‌బస్ బ్రిడ్జ్ అనే వరుస వెతకండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్, రికో, ఓ2 మైక్రో, ఈఎన్‌ఈ, ఇట్ల ఏదో ఒక కంపెనీ పేరు ఉంటది. ఈ బ్రిడ్జి చిప్పు కాజీపేట జంక్షన్ వంటిది. ఒక దిక్కు పీసీఐ లైను, ఇంకో దిక్కు కార్డు లైను, రెండూ ఇక్కడనే కలుస్తయ్. ఇక్కడ సిగ్నల్ పడకపోతే అవతలి కార్డు ఎంత మంచిదైనా కెర్నెల్ దాకా రాదు.

సంతోషమైన విషయం ఏందంటే, కంపెనీలు ఎన్ని ఉన్నా దాదాపు అన్ని బ్రిడ్జిలూ యెంటా అనే ఒక్క పద్ధతినే పాటిస్తయ్. అందుకే కెర్నెల్‌ల యెంటా సాకెట్ అనే ఒక్క డ్రైవర్ చాలు.

ఆగండి, కంపైల్ చేసుడు, అంటే సోర్సు కోడ్ నుంచి కెర్నెల్‌ను మనమే కట్టుకునుడు, అసలు అవసరమా? ముందు అది చూద్దాం. బూట్ ఫోల్డర్‌ల కాన్‌ఫిగ్ అని మొదలై కెర్నెల్ నంబరుతో ముగిసే ఫైలు ఉంటది. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్‌ను ఏ ఆప్షన్లతో కట్టిన్రో అంతా దాంట్ల రాసి ఉంటది. దాంట్ల యెంటా, కార్డ్‌బస్, ఫైర్‌వైర్ ఓహెచ్‌సీఐ (ఫైర్‌వైర్ కార్డు డ్రైవర్), ఈ మూడు పేర్లు గ్రెప్ అనే వెతికే కమాండ్‌తో వెతకండి. మూడింటికీ ఎదురుగ ఎమ్ (విడిగ ఎక్కించే మాడ్యూల్) అనో వై (కెర్నెల్‌లనే కలిపింది) అనో ఉంటే మీ పని సగం అయిపోయినట్టే, కార్డు పెట్టి చూసుడే మిగిలింది. "సెట్ చేయలేదు" అనే అర్థం వచ్చే వరుస ఉంటేనే కింది పని.

డిస్ట్రో (డెబియన్, ఉబుంటు వంటి లైనక్స్ రకం) గురించి ఒక మాట. ఈ ల్యాప్‌టాప్‌లు చాలా వరకు 32-బిట్‌వి. 2025ల వచ్చిన డెబియన్ 13ల 32-బిట్ పీసీలకు ఇన్‌స్టాలర్ లేదు, కెర్నెల్ కూడా లేదు. డెబియన్ 12 పెట్టుకోండి.

[తెర మీద: మేక్ మెనూకాన్‌ఫిగ్ నీలం తెర.]

కెర్నెల్ సోర్సు దించుకొని విప్పినంక, బూట్ ఫోల్డర్‌ల చూసిన ఆ కాన్‌ఫిగ్ ఫైలునే సోర్సు ఫోల్డర్‌లకు డాట్ కాన్‌ఫిగ్ అనే పేరుతో కాపీ చేయండి. సున్నా నుంచి ఆప్షన్లు ఎంచుకోవద్దు, వేలల్ల ఉంటయ్. కాపీ చేసి మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్‌ఫిగ్ కొడితే కొత్త ఆప్షన్లకు డిఫాల్ట్ విలువలు అవే పడతయ్. తర్వాత మేక్ మెనూకాన్‌ఫిగ్.

పాత కెర్నెళ్లల్ల పీసీకార్డ్ మెనూ బస్ ఆప్షన్స్ కింద ఉండేది. 5.0 సంది డివైస్ డ్రైవర్స్ లోపలికి మారింది. మెనూలల్ల తిరిగే బదులు కీబోర్డు మీద స్లాష్ గుర్తు నొక్కి యెంటా అని కొట్టండి. అది ఏ మెనూల ఉన్నదో, దాని కోసం ముందు ఏవి ఆన్ కావాలెనో అన్నీ చూపిస్తది. నాకు మెనూకాన్‌ఫిగ్ మొత్తంల ఎక్కువ పనికొచ్చేది ఈ వెతుకులాటే.

పీసీకార్డ్ సపోర్ట్ దగ్గర ఎమ్. దాని లోపల 32-బిట్ కార్డ్‌బస్ సపోర్ట్ ఆన్. యెంటా బ్రిడ్జ్ సపోర్ట్ ఎమ్. యెంటా కింద కంపెనీల వారీగ చిన్న ఆప్షన్లు కనబడితే వాటిని కదపకండి, డిఫాల్ట్‌గ ఆన్ ఉంటయ్, అట్లనే ఉండాలె. మన ఫైర్‌వైర్ కార్డ్‌బస్ కార్డుకు 16-బిట్ పీసీఎంసీఐఏ అక్కర లేదు. అయినా ఎమ్ పెట్టి ఉంచుమంటా, రేపు ఏదైనా పాత కార్డు చేతికొస్తే మళ్లీ కంపైల్ పని ఉండదు.

ఇంక ఐట్రిపుల్‌ఈ 1394 ఫైర్‌వైర్ సపోర్ట్ మెనూ. ఫైర్‌వైర్ డ్రైవర్ స్టాక్ ఎమ్, ఓహెచ్‌సీఐ-1394 కంట్రోలర్స్ ఎమ్. ఎస్‌బీపీ-2 అనేది ఫైర్‌వైర్ హార్డ్ డిస్కుల కోసం, మనకు వద్దు.

అన్నింటికీ ఎమ్ ఎందుకంటున్న? ఎమ్ అంటే మాడ్యూల్. డ్రైవర్ మొరాయిస్తే ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేయకుండ దాన్ని దించి మళ్లీ ఎక్కించొచ్చు. పెట్టి తీసే కార్డులకు ఇదే పద్ధతి.

ఎక్స్‌ప్రెస్‌కార్డ్ ఉన్నోళ్లు పైన చెప్పిన పీసీకార్డ్ మెనూ జోలికి పోవద్దు. పీసీఐ హాట్‌ప్లగ్ సపోర్ట్, దాంతో పాటు పీసీఐ ఎక్స్‌ప్రెస్ హాట్‌ప్లగ్ డ్రైవర్ ఆన్ చేయాలె. ఫైర్‌వైర్ ఆప్షన్లు మాత్రం అవే. కార్డు పెట్టి బూట్ చేస్తే కనబడుతది, నడుస్తున్నప్పుడు పెడితే కనబడదు అంటే హాట్‌ప్లగ్ పనిచేస్తలేదని అర్థం.

[తెర మీద: కంపైల్ నడుస్తున్న టెర్మినల్, వేగంగ తిప్పిన దృశ్యం.]

ఆ పాత ల్యాప్‌టాప్ మీదనే కంపైల్ పెడితే గంటల కొద్దీ నడుస్తది, వేడెక్కుతది. నిట్‌లనో కాకతీయ యూనివర్సిటీలనో చదివే పిల్లల ల్యాప్‌టాప్ అడిగి తీసుకోండి. దాంట్ల ఆర్కిటెక్చర్ ఐ386 అని చెప్పి, మేక్ బైన్‌డెబ్-పీకేజీతో ప్యాకేజీ తయారు చేసి, పెన్ డ్రైవ్‌ల తెచ్చి ఎక్కించండి.

ఇక్కడ రెండు గుంతలు ఉన్నయ్. డెబియన్, ఉబుంటు కాన్‌ఫిగ్‌ల ట్రస్టెడ్ కీస్ అనే వరుసల ఆ డిస్ట్రో వాళ్ల సర్టిఫికెట్ ఫైలు దారి రాసి ఉండొచ్చు. మీ దగ్గర ఆ ఫైలు ఉండదు, కంపైల్ మధ్యల ఆగుతది. కోట్స్ మధ్య ఖాళీ చేసేయండి. రెండోది ఇంకా ముఖ్యం. కంపైల్ తొందరగ అయితదని చాలామంది మేక్ లోకల్‌మాడ్‌కాన్‌ఫిగ్ వాడుతరు. అది ఆ క్షణాన ల్యాప్‌టాప్‌ల ఎక్కి ఉన్న మాడ్యూళ్లను మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తది. కార్డు బయట పెట్టి ఆ కమాండ్ కొడితే మనకు కావాల్సిన డ్రైవరే పోతది. ఆ దారిల పోవాలనుకుంటే పాత ల్యాప్‌టాప్ మీదనే, కార్డు స్లాటుల పెట్టి, క్యామ్‌కార్డర్ తగిలించి ఆన్ చేసినంకనే కొట్టండి.

[తెర మీద: డీమెస్గ్ వరుసలు, ఒక్కొక్కటి పసుపు రంగుల.]

కొత్త కెర్నెల్‌తో బూట్ అయినంక కార్డు పెట్టి డీమెస్గ్, అంటే కెర్నెల్ రాసే సందేశాలు చూడండి. వరుస క్రమం గుర్తుంచుకోండి. ముందు యెంటా బ్రిడ్జిని పట్టుకున్నట్టు, తర్వాత సాకెట్‌ల కార్డ్‌బస్ కార్డు పడ్డట్టు, ఆ తర్వాత ఫైర్‌వైర్ ఓహెచ్‌సీఐ దాన్ని కార్డు 0గ చేర్చుకున్నట్టు రావాలె. ఎక్కడ ఆగిందో చూస్తే ఏ పొరల లోపమో తెలుస్తది. యెంటా మాటే లేకపోతే బ్రిడ్జి డ్రైవర్ లేదు. కార్డు దాకా వచ్చి ఆగితే ఫైర్‌వైర్ ఆప్షన్ మరిచిన్రు.

కొన్ని ల్యాప్‌టాప్‌లల్ల ఫలానా బస్సు (పరికరాల మధ్య డేటా పోయే దారి) ట్రాన్స్‌పరెంట్ బ్రిడ్జి వెనుక దాగి ఉన్నదని ఒక హెచ్చరిక వస్తది. బయాస్ (ల్యాప్‌టాప్ ఆన్ కాంగనే ముందు నడిచే ప్రోగ్రాం) బస్సు నంబర్లు సరిగ్గ ఇయ్యలేదని దానర్థం. దానికి దవా ఇది: గ్రబ్ అనే బూట్ మెనూల కెర్నెల్ వరుస చివర పీసీఐ ఈక్వల్స్ అసైన్-బస్సెస్ అని చేర్చండి.

క్యామ్‌కార్డర్‌ను ప్లేబ్యాక్ మోడ్‌ల పెట్టి ఫైర్‌వైర్ తీగె తగిలిస్తే డెవ్ ఫోల్డర్‌ల ఎఫ్‌డబ్ల్యూ1 కనబడుతది. ఎఫ్‌డబ్ల్యూ0 మీ కార్డు, ఎఫ్‌డబ్ల్యూ1 క్యామ్‌కార్డర్. నెట్‌ల రా1394 మాడ్యూల్ ఎక్కించుమనే సలహాలు కనబడతయ్. ఆ పాత ఫైర్‌వైర్ డ్రైవర్ల గుంపును 2011ల వచ్చిన 2.6.37 కెర్నెల్‌ల తీసేసిన్రు. కార్డ్‌మేనేజర్ అనే పాత కార్డు ప్రోగ్రాం నడపుమనే సలహా కూడా అంతే, 2005 నాటి 2.6.13 కెర్నెల్ సంది దాని అవసరం తీరింది. ఫైర్‌వైర్ మీద నమ్మకం పెట్టుకోవచ్చా అని అడుగుతరేమో. లైనక్స్‌ల ఆ భాగాన్ని చూసే తకాషి సకమోతో 2029 దాకా చూసుకుంటనని 2023లనే చెప్పిన్రు. అంటే మనకు కొన్నేండ్లే ఉన్నయ్, టేపులు ఇప్పుడే దించుకోవాలె.

[తెర మీద: డీవీగ్రాబ్ నడుస్తున్నది, పక్కన క్యామ్‌కార్డర్ చిన్న తెర మీద బతుకమ్మ ఆట.]

టేపులను కంప్యూటర్‌లకు దించుడానికి డీవీగ్రాబ్ అనే ప్రోగ్రాం. ఆటోస్‌ప్లిట్ పెడితే రికార్డింగ్ ఎక్కడ ఆపి మళ్లీ మొదలుపెట్టిన్రో అక్కడ ఫైలు విడగొడుతది. టైమ్‌స్టాంప్ పెడితే తీసిన తారీకు ఫైలు పేరుకు వస్తది, పెళ్లి ఏ రోజుదో వెతుక్కునే బాధ ఉండదు. గంట టేపు గంట సేపు నడుస్తది, దాదాపు 13 జీబీ అయితది. పాత ల్యాప్‌టాప్ డిస్కు సరిపోదు, బయటి యూఎస్‌బీ డిస్కు పెట్టండి. వేగం గురించి భయం లేదు, డీవీకి సెకనుకు 3.6 ఎంబీ చాలు. డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌ల ఉంటే ఒక ఫైలు 4 జీబీ దాటదు, అందుకే ఎక్స్‌ట్4 ఫార్మాట్ చేసుకోండి.

16-బిట్ కార్డుల గురించి కూడా కొంచెం. ఎనుమాముల మార్కెట్ల, జమ్మికుంట జిన్నింగ్ మిల్లులల్ల కాంటా డిస్‌ప్లేకు తొమ్మిది పిన్నుల సీరియల్ తీగె ఉంటది. "అన్నా, కాంటా రీడింగ్ కంప్యూటర్ల వస్తలేదే" అని ఎవరైనా అడిగితే, ఆ పాత సీరియల్ కార్డుకు పీసీఎంసీఐఏ ఆప్షన్, దాంతో పాటు సీరియల్ మెనూల 8250 పీసీఎంసీఐఏ సపోర్ట్ కావాలె. కొన్ని కెర్నెళ్లల్ల సీరియల్ పోర్టులు డిఫాల్ట్‌గ నాలుగే. కార్డు గుర్తుపట్టినా పోర్టు రాకపోతే ఆ సంఖ్య పెంచండి.

[తెర మీద: స్లాటు పక్కన ఎజెక్ట్ బటన్.]

పని అయినంక కార్డును గుంజేయకండి. డీవీగ్రాబ్ ఆపి, క్యామ్‌కార్డర్ తీగె తీసి, పీసీకార్డ్‌సీటీఎల్ ఎజెక్ట్ కొట్టి, అప్పుడు బటన్ నొక్కండి. పనిచేసిన ఆ డాట్ కాన్‌ఫిగ్ ఫైలును టేపులు దించిన డిస్కులనే ఒక ఫోల్డర్‌ల దాచండి. కెర్నెల్ మారినప్పుడు దాన్నే కాపీ చేసి ఓల్డ్‌డెఫ్‌కాన్‌ఫిగ్ కొడితే ఈ మెనూల పని మళ్లీ ఉండదు.