బావగారి బొమ్మలు, మరదలి లెక్కల పుస్తకం

అందరికీ నమస్కారం.

విన్సెంట్ వాన్ గో గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. అతను చెవి కోసుకున్న కథ, ఆసుపత్రిలో ఉన్న కథ, పొద్దుతిరుగుడు పూల కథ మీలో చాలామందికి తెలుసు కాబట్టి అవి మళ్ళీ చెప్పను. అతను పోయాక ఏం జరిగిందో చెబుతాను. 1890 జులై 29న, 37 ఏళ్ళ వయసులో విన్సెంట్ చనిపోయేనాటికి పారిస్, బ్రస్సెల్స్‌లలో కొద్దిమంది చిత్రకారులకీ ఒకరిద్దరు విమర్శకులకీ తప్ప ఆ పేరు పెద్దగా ఎవరికీ తెలీదు. ఇవాళ ఆ పేరు వినని ఊరు లేదు. ఈ మధ్యలో జరిగినదాంట్లో సింహభాగం ఒకే మనిషి చేతి మీదుగా జరిగింది. ఆమె పేరు యోహన్నా బోంగర్. విన్సెంట్ తమ్ముడు థియో భార్య, అంటే మన వరసలో మరదలు.

ఆమెను ఎక్కువగా ఒక త్యాగమయిగా చూపిస్తుంటారు. భర్త పోయాడు, పసిబిడ్డతో మిగిలింది, బావగారి బొమ్మల కోసం జీవితం ధారపోసింది అంటారు. నాకు ఈ వర్ణన ఎందుకో మింగుడుపడదు. పోయినవాళ్ళ కోసం జీవితం ధారపోసినవాళ్ళు ప్రతి దేశంలోనూ ఉంటారు, అయినా వాళ్ళు దాచిన బొమ్మలు అటక మీదే మిగిలిపోతాయి. యోహన్నాకు ఏది అమ్మాలో, ఏది అమ్మకూడదో, దేన్ని ఎంతకాలం ఆపి ఉంచాలో తెలుసు. ప్రేమతో పాటు ఈ తెలివిడి కూడా ఉండబట్టే పని జరిగింది. ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే.

1862 అక్టోబరు 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో పుట్టింది. తండ్రిది బీమా వ్యాపారం. ఇంగ్లిషు బాగా చదువుకుంది, లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో కొన్ని నెలలు పనిచేసింది, తర్వాత ఆడపిల్లల స్కూళ్ళలో ఇంగ్లిషు చెప్పింది. ఆమె అన్న ఆంద్రీస్ పారిస్‌లో థియోకి స్నేహితుడు. 1887లో థియో వచ్చి పెళ్ళి చేసుకుంటావా అని అడిగితే కాదని చెప్పేసింది. సరిగ్గా పరిచయమైనా లేని మనిషికి అంత హఠాత్తుగా ఎలా సరేనంటుంది? ఏడాదిన్నర తర్వాత పారిస్‌లో మళ్ళీ కలిశారు, ఈసారి ఒప్పుకుంది. పెళ్ళి నిశ్చయమైన ఆ డిసెంబరులోనే, విన్సెంట్ చెవి కోసుకున్నాడని దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆర్ల్ నుంచి ఆ భయంకరమైన కబురు వచ్చింది. అంటే ఆమె ఆ ఇంటి కోడలు కాకముందే బావగారి జబ్బు ఆ ఇంటి టెన్షన్ అయి కూర్చుంది.

1889 ఏప్రిల్‌లో పెళ్ళయింది. పారిస్‌లో వాళ్ళ ఫ్లాట్ నిండా విన్సెంట్ బొమ్మలే. భోజనాల గదిలో ‘బంగాళదుంపలు తినేవాళ్ళు’ ఉండేది. గోడలు చాలక మంచం కింద, సోఫా కింద, అల్మరాల కింద ఫ్రేములు లేని కాన్వాసులు గుట్టలుగా ఉండేవని ఆమే తర్వాత రాసింది. 1890 జనవరి 31న కొడుకు పుట్టాడు. పెదనాన్న పేరే పెట్టారు, ఆ పెదనాన్న పసివాడి కోసం నీలాకాశం మీద పూసిన బాదం కొమ్మలు వేసి పంపించాడు. మేలో విన్సెంట్ వాళ్ళింటికి వచ్చాడు. రోగిష్టి మనిషి కోసం ఎదురుచూసిన యోహన్నాకు ఎదురుగా విశాలమైన భుజాలతో, మొహంలో కళతో ఆరోగ్యంగా ఉన్న మనిషి కనిపించాడు. థియో కంటే ఇతనే గట్టిగా ఉన్నాడే అనుకుందట. ఆమె విన్సెంట్‌ను చూసిన రోజులన్నీ కలిపినా ఒక వారం నిండదు.

ఆ జులైలో విన్సెంట్ పోయాడు. ఆరు నెలలు తిరక్కుండానే, 1891 జనవరి 25న, ఉట్రెక్ట్‌లో థియో కూడా పోయాడు. వాళ్ళ కాపురం మొత్తం 21 నెలలు. ఆమెకి 28 ఏళ్ళు, పిల్లవాడికి ఏడాది నిండలేదు.

ఇక బొమ్మల సంగతి. ఆంద్రీస్ అంతకుముందు సంవత్సరమే ఒక జాబితా రాశాడు, అందులో 364 పద్దులు ఉన్నాయి. డ్రాయింగులు వందల్లో ఉన్నాయి. ఇవన్నీ పారిస్‌లోనే వదిలేస్తే మంచిది, కళకి అక్కడే మార్కెట్ అని సలహా ఇచ్చినవాళ్ళున్నారు. సలహా తప్పేమీ కాదు, ఆనాటి లెక్క ప్రకారం అదే తెలివైన పని. యోహన్నా మాత్రం అన్నింటినీ హాలెండ్‌కి తీసుకెళ్ళింది. ఆమ్‌స్టర్‌డామ్‌కి దగ్గర్లోని బుస్సమ్ అనే ఊళ్ళో ఇల్లు తీసుకుని అద్దెకు గదులిచ్చి, భోజనం పెట్టి జీవనం సాగించింది. ఆ ఊరిని ఊరికే ఎంచుకోలేదు. రచయితలు, విమర్శకులు కాపురం ఉండే చోటది. ఆ ఏడాది నవంబరులో డైరీలో రాసుకుంది: థియో నాకు బిడ్డను మాత్రమే కాదు, ఇంకో పనిని కూడా అప్పగించి వెళ్ళాడు, విన్సెంట్ బొమ్మలను నలుగురికీ చూపించి, వీలైనంత మంది మెచ్చేలా చేయాలి అని. ఇవి అచ్చంగా ఆమె మాటలు కావు, ఆ అర్థం వచ్చేలా నేను చెబుతున్నాను.

రాత్రిళ్ళు ఉత్తరాలు చదివేది. అన్నదమ్ముల ఉత్తరాల్లో మొదట ఆమె వెతికింది విన్సెంట్‌ని కాదు, థియోని. ఆ సంగతి ఆమే నిజాయితీగా ఒప్పుకుంది. చదువుతూ చదువుతూ ఉండగా రెండో మనిషి కూడా దొరికాడు. ఈ మనిషిని ఎరిగినవాళ్ళకి బొమ్మలు వేరేగా కనిపిస్తాయని ఆమెకు అక్కడే తట్టి ఉండాలి. యాన్ వెత్ అనే చిత్రకారుడు, విమర్శకుడు అదే ఊళ్ళో ఉండేవాడు. మొదట్లో ఆ రంగుల మోటుతనం అతనికి నచ్చలేదు. ఆమె వాదన పెట్టుకోకుండా ఉత్తరాలు ఇచ్చి చదవమంది. మెల్లగా అతని అభిప్రాయం మారింది.

రిచర్డ్ రోలండ్ హోల్స్ట్ అనే చిత్రకారుడి కథ ఇంకా బాగుంటుంది. యోహన్నా మంచావిడేగానీ, తనకేమీ తెలియని విషయం మీద పిచ్చి ఆవేశంతో మాట్లాడుతుంటే చిరాకేస్తుందని, అంతా స్కూలు పిల్ల వాగుడులా ఉంటుందని సాటి చిత్రకారుడికి ఉత్తరం రాశాడు. ఆ పెద్దమనిషే 1892 డిసెంబరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో విన్సెంట్ బొమ్మల ప్రదర్శనని నిర్వహించి, కేటలాగుకి అట్ట మీద బొమ్మ కూడా వేశాడు. వాడిపోయిన పొద్దుతిరుగుడు పువ్వు, దాని వెనక జ్యోతివలయం. అంటే ఏడాది తిరిగేసరికి విన్సెంట్‌ని సాధువుని చేసేశాడు! ఆ వలయం చూసి యోహన్నా ఏమనుకుందో గానీ, నాకైతే కాస్త నవ్వొస్తుంది.

ఇప్పుడు లెక్కల పుస్తకం దగ్గరికి వద్దాం. ఇంటి ఖర్చులు రాసుకోవడానికి థియో మొదలుపెట్టిన పుస్తకమది. అతను పోయాక అందులోనే ఆమె అమ్మకాలు కూడా రాస్తూ వచ్చింది. ఏ బొమ్మ, ఎవరికి, ఎంతకి అని. 1891 నుంచి ఆమె చనిపోయిన 1925 దాకా దాదాపు 250 బొమ్మలు, డ్రాయింగులు అమ్మింది. 34 ఏళ్ళకి 250 అంటే ఏడాదికి ఏడెనిమిది. గంపగుత్తగా అమ్మేసి బతుకు సుఖం చేసుకోవచ్చు కదా? చేయలేదు. ఒకేసారి మార్కెట్లో పడేస్తే ధర పడిపోతుందని, బొమ్మలు ఎక్కడివక్కడ చెల్లాచెదురవుతాయని ఆమెకు తెలుసు. ప్రదర్శనలకి బొమ్మలు పంపేటప్పుడు కొన్ని అమ్మకానికి, కొన్ని చూడటానికి మాత్రమే అని విడదీసేది. జనం అమ్మకానికి లేని గొప్ప బొమ్మ ముందు నిలబడి, అమ్మకానికి ఉన్నదాన్ని కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఇది చాలా పాత వ్యాపార సూత్రమే, కానీ ఇంగ్లిషు టీచరుకి ఇది ఎవరు నేర్పారు? పెళ్ళయిన 21 నెలల్లో ఆర్ట్ డీలరైన భర్త పక్కన కూర్చుని నేర్చుకుందనుకోవాలి. బెర్లిన్‌లో పాల్ కసీరర్‌తో, పారిస్‌లో వొలార్‌తో, అంటే యూరప్‌లోకెల్లా గడుసు డీలర్లతో బేరాలాడింది.

1901లో యోహాన్ కోహెన్ గోస్‌హాల్క్ అనే చిత్రకారుణ్ణి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. 1905 వేసవిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో గదులు తనే అద్దెకి తీసుకుని 470కి పైగా బొమ్మలతో ప్రదర్శన పెట్టింది. గమనించండి, మ్యూజియం పిలిచి పెట్టించింది కాదు. అంత పెద్ద వాన్ గో ప్రదర్శన అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు. కేటలాగుకి ముందుమాట రాసింది ఈ రెండో భర్తే. ఆయన కూడా 1912లో పోయాడు. అదే 1905లో ఆమె ఆమ్‌స్టర్‌డామ్‌లో సోషల్ డెమొక్రాట్ మహిళల సంఘం స్థాపనలోనూ ఉంది, అది వేరే ప్రసంగానికి సరిపడే సంగతి.

నన్ను ఎక్కువ ఆశ్చర్యపరిచేది ఉత్తరాల విషయం. ఆమె చేతిలో ఉన్నది సంచలనం. అంత బాగా రాసిన చిత్రకారులు చరిత్రలో తక్కువ. 1893 నుంచీ పత్రికల్లో కొన్ని భాగాలు వచ్చాయి. అయినా పూర్తి సంపుటాలు 1914 దాకా బయటికి రాలేదు. బావగారు పోయిన 24 ఏళ్ళకి! ముందుమాటలో కారణం చెప్పింది: బొమ్మలకి తగిన గుర్తింపు రాకముందే మనిషి మీద ఆసక్తి రేపితే అది పోయినవాడికి అన్యాయం చేసినట్టు అని. మొదట బొమ్మ నిలబడాలి, ఆ తర్వాతే మనిషి కథ. 1910లో ఆడపడుచు ఎలిజబెత్ తన జ్ఞాపకాల పుస్తకం వేసేసినా ఈమె తొందరపడలేదు. విన్సెంట్ చాలా ఉత్తరాల మీద తేదీలు వేయలేదు కాబట్టి వాటిని వరసలో పెట్టడమే ఏళ్ళు పట్టిన పని. బతికున్నవాళ్ళని నొప్పించే మాటలు కొన్ని తీసేసింది, కొన్ని పేర్లని పొడి అక్షరాలుగా మార్చింది. తర్వాతి పండితులు దీన్ని తప్పుపట్టారు. నాకూ ఆ కత్తిరింపులు నచ్చవు. అత్తింటి పరువు కూడా ఒక బరువే అనుకుని ఊరుకుంటాను.

1914లోనే థియో అవశేషాలను ఉట్రెక్ట్ నుంచి తెప్పించి, ఫ్రాన్స్‌లోని ఓవేర్‌లో అన్న పక్కన సమాధి చేయించింది. ఉత్తరాలు అచ్చయిన ఏడాదే ఇది కూడా జరిగింది. యోహన్నా దృష్టిలో థియో లేకుండా విన్సెంట్ లేడు, ఆ మాటని పుస్తకంలోనూ చెప్పింది, మట్టిలోనూ చెప్పింది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఆమె లేకపోయినా వాన్ గో వెలుగులోకి వచ్చేవాడు కదా? 1890 జనవరిలోనే ఆల్బెర్ ఓరియే అనే విమర్శకుడు అతని మీద పెద్ద వ్యాసం రాశాడు. బ్రస్సెల్స్ ప్రదర్శనలో ‘ఎర్ర ద్రాక్షతోట’ని అన్నా బోక్ అనే చిత్రకారిణి 400 ఫ్రాంకులకి కొన్నది. విన్సెంట్ స్నేహితుడైన చిత్రకారుడు ఎమీల్ బెర్నార్ 1892లో పారిస్‌లో ప్రదర్శన పెట్టాడు. నిజమే, మంచి ఆరంభమే. కానీ ఓరియే ఆ 1892లోనే 27 ఏళ్ళకే పోయాడు. రంగులమ్ముతూ ఈ చిత్రకారులందరినీ ఆదుకున్న తాంగీ తాత 1894లో పోయాడు. పట్టించుకున్నవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు రాలిపోతుంటే, బొమ్మలన్నిటినీ ఒకచోట పట్టి ఉంచిన మనిషి ఈమె. ఎప్పటికో పేరు వచ్చేదేమో. అప్పటికి ఎన్ని బొమ్మలు మిగిలేవి?

అయితే ఆమె పనికి ఒక మూల్యం కూడా ఉంది. ఉత్తరాలు, బొమ్మలు కలిసి ఇల్లిల్లూ తిరగడం మొదలయ్యాక జనం బొమ్మ ముందు నిలబడి కథనే చూడటం మొదలుపెట్టారు. గోధుమ చేనును చూసి ‘అయ్యో పాపం’ అంటారే తప్ప ఆ పసుపు పక్కన ఆ నీలం ఎందుకు పెట్టాడో అడగరు. ఆ ప్రమాదం తెలిసే ఆమె 24 ఏళ్ళు ఆగింది, గేటు తెరిచాక వరదని ఆపడం మాత్రం ఆమె వల్ల కాలేదు.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో కొన్నేళ్ళు న్యూయార్క్‌లో ఉండి ఉత్తరాలని ఇంగ్లిషులోకి తేవడం మొదలుపెట్టింది. 1924లో లండన్ నేషనల్ గ్యాలరీ వాళ్ళు ‘పొద్దుతిరుగుడు పూలు’ అడిగారు. మొదట ఇవ్వనంది. ముప్ఫై ఏళ్ళకు పైగా రోజూ చూస్తున్న బొమ్మ అది, విడిచి ఉండలేనంది. తర్వాత ఆలోచించుకుని ఇచ్చింది. విన్సెంట్ కీర్తి కోసం ఇది నా త్యాగం అని వాళ్ళకి రాసింది. త్యాగం అనే మాటని ఆమె వాడిన చోటు చూడండి. జీవితం మొత్తానికి వాడలేదు, ఒక్క బొమ్మకి వాడింది. ఆ బొమ్మ లండన్ గ్యాలరీలో ఉంటే ఇంగ్లండ్ చూస్తుందని ఆమె లెక్క. ఆ పూలదే ఇంకో బొమ్మని ఇంట్లోనే ఉంచుకుంది కూడా!

1925 సెప్టెంబరు 2న చనిపోయింది. అనువాదం అప్పటికి 526వ ఉత్తరం దాకా వచ్చింది. మిగిలినవి ఇతరులు పూర్తిచేశాక ఇంగ్లిషు సంపుటాలు 1927 నుంచి వచ్చాయి. కొడుకు ఇంజనీరు. అతను మిగిలిన బొమ్మలని కాపాడాడు, 1962లో ఫౌండేషన్‌కి అప్పగించాడు, 1973లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వాన్ గో మ్యూజియం తెరిచారు. అక్కడ 200కి పైగా చిత్రాలు, 500కి దగ్గరగా డ్రాయింగులు ఉన్నాయి. ఆ గోడలకి ఉన్నవాటిలో ఎక్కువ భాగం యోహన్నా అమ్మననో, ఇంకా అమ్మలేదనో పక్కన పెట్టినవే. ఆమె డైరీలు చాలాకాలం బయటికి రాలేదు. హాన్స్ లాయ్టెన్ రాసిన పూర్తి జీవితచరిత్ర డచ్‌లో 2019లో గానీ రాలేదు.

విన్సెంట్ ఉత్తరాలన్నీ ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఇంగ్లిషులో ఉచితంగా దొరుకుతాయి, ఆమె డైరీలు కూడా. ఇంటికెళ్ళి వెతకండి. 1891 నవంబరు నుంచి మొదలుపెట్టమని నా సలహా. ఇంకా పావుగంట టైముంది, ఆ కత్తిరించిన ఉత్తరాల విషయంలో నాతో ఏకీభవించనివాళ్ళు ముందు వరసలోనే ఉన్నారని తెలుసు. అడగండి.