వాచ్‌మన్ గాఢంగా నిద్రపోకూడదు, పూర్తిగా మేలుకోనూ కూడదు

నమస్తే. పోయిన నెల నాగోల్‌లో ఒక పెళ్లికి వెళ్లాం. రాత్రి ఎనిమిదింటికి మా బాబాయ్ ఫోన్లో అలారం మోగింది. ఆయన జేబులోంచి చిన్న డబ్బా తీసి, రెండు క్యాప్సూల్స్ వేసుకుని, నీళ్లు తాగి కూర్చున్నాడు. ఇంకో గంట ఆగితే గానీ భోజనానికి లేవడు. పక్కనున్న పెద్దమనిషి చూసి అన్న మాట ఇది: "ఆపరేషన్ సక్సెస్ అయ్యి మూడేళ్లైంది కదా, ఇంకా ఈ ఇంగ్లీషు మందులేంది? రోజూ ఇన్ని మింగితే ఉన్న కిడ్నీ కూడా పోతది." చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు.

ఈ వీడియో ఆ నలుగురి కోసం. నేను డాక్టర్‌ని కాదు. బాబాయ్ కిడ్నీ మార్పిడి అయినప్పటి నుంచి ఆయన ఫైల్ మోసేవాణ్ణి. ఆ ఫైల్ ఇప్పుడు రెండు కిలోలుంటుంది.

(స్క్రీన్ మీద మెట్రో రైలు)

అవయవ మార్పిడి అనగానే మనకు గుర్తొచ్చేది ఇదే. 2025 జనవరిలో ఎల్‌బీ నగర్ నుంచి లక్డీకాపూల్‌కి మెట్రోలో గుండెను తీసుకెళ్లారు. పదమూడు స్టేషన్లు, పదమూడు కిలోమీటర్లు, పదమూడు నిమిషాలు. 2021లో కూడా నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా ఇలాగే వెళ్లింది. గొప్ప పనే, కాదనను. ఒంట్లోంచి తీసిన గుండె బయట నాలుగు గంటలకు మించి ఆగితే కష్టం. మన ట్రాఫిక్ సంగతి మీకు నేను చెప్పేదేముంది? కాకపోతే మన కథ గుండె ఉన్న ఆ డబ్బా ఆసుపత్రి గేటు దాటగానే అయిపోతుంది, పేషెంటు కథ మాత్రం అక్కడే మొదలవుతుంది.

ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ అనుకోండి. నిజాంపేటలోనో, ఉప్పల్‌లోనో. ఐదంతస్తులు, కింద ఒక వాచ్‌మన్. మామూలు వాచ్‌మన్ కాదు, మహా మొండివాడు. బిల్డింగ్‌లో పుట్టి పెరిగినవాళ్ల మొహాలు తప్ప ఇంకెవరి మొహమూ ఒప్పుకోడు. కొరియర్ కుర్రాణ్ణి కూడా తరిమేస్తాడు. మన ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ అంటే వీడే. బ్యాక్టీరియా, వైరస్ లాంటి దొంగలొస్తే పట్టుకునేదీ వీడే. కాబట్టి వీడు చెడ్డవాడేం కాదు, వీడు లేకపోతే బిల్డింగే ఉండదు.

ఇప్పుడు మూడో అంతస్తులో కొత్తగా ఒకరు కిరాయికి దిగారు. అదే మార్పిడి చేసిన కిడ్నీ. వాచ్‌మన్ దృష్టిలో అది దొంగే. అది మంచిదా, ఎవరు ప్రేమతో ఇచ్చారు, ఎన్ని లక్షలు ఖర్చయింది, వాడికి అనవసరం. మొహం చూస్తాడు, తెలియదు, కర్ర తీస్తాడు. ఈ రోజు తీస్తాడు, మూడేళ్ల తర్వాతా తీస్తాడు, పదిహేనేళ్లకూ తీస్తాడు. ఆ పెద్దమనిషికి అర్థం కానిది ఇదే. "అలవాటైపోతుంది కదా" అంటాడు. కాదండీ. వందలో తొంభై తొమ్మిది మందికి అలవాటు కాదు.

మరి మార్పిడులు ఎలా నిలబడుతున్నాయి? వాచ్‌మన్‌కి రోజూ మత్తు పెడుతున్నాం, అంతే. పొద్దున ఒక మోతాదు, పన్నెండు గంటలు గడిచాక మళ్లీ ఒకటి. అందుకే ఎనిమిదింటి అలారం.

చరిత్ర చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే మొదటిసారి కిడ్నీ మార్పిడి విజయవంతంగా చేశాడు. ఎలా? ఇచ్చింది, పుచ్చుకున్నది అచ్చంగా ఒకే పోలిక ఉన్న కవలలు. వాచ్‌మన్ చూసి "మన మూడో అంతస్తాయనే" అనుకుని వదిలేశాడు. సరే, కవలలు లేనివాళ్లకు? 1967లో దక్షిణాఫ్రికాలో క్రిస్టియాన్ బెర్నార్డ్ మొదటిసారి మనిషికి మనిషి గుండె పెట్టాడు. ప్రపంచమంతా పేపర్లలో అదే వార్త. పేషెంటు బతికింది పద్దెనిమిది రోజులు. కొత్త గుండె ఆడుతూనే ఉంది, మనిషి న్యుమోనియాతో పోయాడు. ఎందుకంటే వాచ్‌మన్‌ని మరీ గాఢంగా నిద్రపుచ్చారు. కిరాయిదారు క్షేమం, బిల్డింగ్‌లోకి దొంగలు పడ్డారు.

నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే ఇష్టమైన ముక్క ఇది. తర్వాత పదిహేనేళ్లకు పైగా సర్జన్ల చేతులు ఆడినా, వాచ్‌మన్‌కి సరైన మోతాదు దొరకలేదు. అది దొరికింది మట్టిలో. నార్వే మట్టిలో దొరికిన ఒక బూజు నుంచి సైక్లోస్పోరిన్ అనే మందు వచ్చింది. 1980ల్లో అది వాడకంలోకి వచ్చాకే మార్పిడులు ఊపందుకున్నాయి. తర్వాత జపాన్‌లో సుకుబా అనే చోట మట్టిలో దొరికిన బ్యాక్టీరియా నుంచి టాక్రోలిమస్. బాబాయ్ డబ్బాలో ఉన్నది అదే. పేరులో మొదటి అక్షరం ఆ ఊరి గుర్తుగానే పెట్టారు. మన దేశంలో మొదటి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో పి. వేణుగోపాల్ చేశారు. ఆయన పుట్టింది రాజమండ్రిలో. అవయవ మార్పిడి చట్టానికి అంతకు ముందు నెలలోనే ఆమోదం వచ్చింది. మనవాళ్లు ఈ మాట చెప్పుకోవాల్సినంతగా చెప్పుకోరు, నాకు అదో బాధ.

సరే, మత్తు మోతాదు ఎంత? ఇక్కడే అసలు టెన్షన్. ఎక్కువైతే దొంగలు పడతారు, తక్కువైతే వాచ్‌మన్ లేచి కూర్చుంటాడు. అందుకే రక్తంలో మందు ఎంతుందో చూస్తారు. దీన్ని అందరూ 'టాక్రో లెవెల్' అంటారు. మొదటి నెలల్లో పదికి అటూ ఇటూ ఉంచి, తర్వాత మెల్లగా తగ్గిస్తారు. ఆ రక్తం ఎప్పుడివ్వాలి? పొద్దున మాత్ర వేసుకోకముందు. రాత్రి డోసు పడి సరిగ్గా పన్నెండు గంటలయ్యాక, అంటే మందు ఒంట్లో అతి తక్కువగా ఉండే సమయంలో.

ఒకసారి మేం ల్యాబ్ క్యూలో కూర్చున్నాం. పొద్దున ఎనిమిది. మా ముందు వరంగల్ నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన ఒక తల్లీకొడుకూ ఉన్నారు. సిస్టర్ సూది పట్టుకుని, "మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది. కొడుకు నవ్వుతూ "ఏడింటికే వేసుకున్నా మేడం, మర్చిపోలేదు" అన్నాడు. సిస్టర్ సూది పక్కన పెట్టేసింది. ఆ అబ్బాయి తప్పేం లేదు, శ్రద్ధగా వేసుకున్నాడు. కానీ ఆ రక్తం పరీక్షిస్తే లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే వాచ్‌మన్ లేస్తాడు. వాళ్లు మళ్లీ మర్నాటి దాకా ఉండాల్సి వచ్చింది.

ఇంకోటి, పంపరపనస. వినాయకచవితికి పాలవెల్లికి కట్టే పండే. దాని జాతికే చెందిన గ్రేప్‌ఫ్రూట్‌ని కూడా డాక్టర్లు వద్దంటారు. ఇవి తింటే ముఖ్యంగా పేగుల్లో ఈ మందును విరిచే ఎంజైమ్ మందగిస్తుంది, రక్తంలో మందు పెరిగిపోతుంది. నాలుగు తొనలు తిన్నా తేడా రావచ్చు. విరేచనాలు పట్టుకున్నా లెవెల్ పెరుగుతుంది. అందుకే పెళ్లి భోజనాల్లో బాబాయ్ పచ్చి ముక్కలు, పానీపూరీ కౌంటర్ వైపు వెళ్లడు. పొగరు కాదండీ అది.

ఇప్పుడు ఆ పెద్దమనిషికి ఒక న్యాయం చేయాలి. "ఇన్ని మింగితే ఉన్న కిడ్నీ కూడా పోతది" అన్నాడు కదా, అందులో సగం నిజం. టాక్రోలిమస్ ఏళ్ల తరబడి వాడితే కిడ్నీ మీదే ప్రభావం చూపుతుంది. చేతులు వణుకుతాయి, కొందరికి షుగర్ వస్తుంది. చర్మ క్యాన్సర్ లాంటివి వచ్చే అవకాశమూ పెరుగుతుంది. కానీ మానేస్తే ఏమవుతుంది? మందుతో కిడ్నీ మెల్లగా అరుగుతుంది. మందు మానేస్తే వారాల్లోనే పోవచ్చు. ఈ రెంటిలో ఏది కావాలో మీరే చెప్పండి.

వాచ్‌మన్ కర్ర తీయడం కూడా మూడు రకాలు. మొదటిది, వాడి దగ్గర ముందే ఫొటోలున్న లిస్టు ఉంటుంది. రక్తం ఎక్కించుకున్నా, గర్భం వచ్చినా, అంతకు ముందు మార్పిడి అయినా ఒంట్లో కొన్ని యాంటీబాడీలు, అంటే పరాయివాటిని గుర్తుపట్టి పట్టుకునే ప్రోటీన్లు, తయారై ఉంటాయి. ఆ లిస్టులో ఉన్న మొహం వస్తే నిమిషాల్లో, గంటల్లో కిడ్నీ నల్లబడిపోతుంది. ఇది జరగకుండానే ముందు 'క్రాస్‌మ్యాచ్' చేస్తారు, అంటే ఇచ్చేవాళ్ల కణాలు, పుచ్చుకునేవాళ్ల రక్తం కలిపి గొడవ వస్తుందా అని చూస్తారు. రెండోది, మొదటి వారాల్లో, నెలల్లో వచ్చే గొడవ. పట్టుకుంటే మందులతో సర్దుబాటవుతుంది. మూడోది, ఏళ్ల తరబడి చాటుగా సాగేది. వాచ్‌మన్ అరవడు, రోజూ కరెంటు ఫ్యూజు తీసేస్తుంటాడు. దీనికి మంచి మందు ఇప్పటికీ లేదు. అందుకే చనిపోయినవారి నుంచి వచ్చిన కిడ్నీ సగటున పది, పన్నెండేళ్లు, బతికున్నవారు ఇచ్చినదైతే పదిహేను దాటి పనిచేస్తుందంటారు. గుండె సగటు పన్నెండేళ్ల పైన, ఊపిరితిత్తులది దానిలో సగమే. ఊపిరితిత్తులకు తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కదా, బయటి గాలి, దుమ్ము, బూజు అన్నీ నేరుగా లోపలికే. మన రోడ్లు తవ్వినప్పుడల్లా నాకు ఊపిరితిత్తుల మార్పిడి అయినవాళ్లే గుర్తొస్తారు.

ఒక చిన్న విషయం, ఎవరికి చెప్పినా నోరు తెరుస్తారు. కొత్త కిడ్నీ పెట్టేటప్పుడు పాతవాటిని చాలామందికి తీయరు. కొత్తది కింద పొట్టలో, కుడివైపు తుంటి దగ్గర పెడతారు. అంటే బాబాయ్‌కి ఇప్పుడు మూడు కిడ్నీలు. పాత కిరాయిదారులు ఖాళీ చేయలేదు, పని చేయరు, ఊరికే ఉన్నారు. గుండెది ఇంకో తమాషా. నరాలు తెగిపోతాయి కాబట్టి ఇంటర్‌కామ్ వైరు కట్ అయినట్టే. కొత్త గుండెలో రక్తనాళం మూసుకుపోతున్నా ఛాతీ నొప్పి తెలియకపోవచ్చు. అందుకే ఏ బాధా లేకపోయినా గుండె మార్పిడి అయినవాళ్లు పరీక్షలకు వెళ్లాలి.

బాబాయ్‌కి కిడ్నీ ఇచ్చింది మా పిన్ని. ఆమె గురించి ఒక్కరూ అడగరు. ఆ పెళ్లిలో కూడా ఆయన్ని అందరూ పలకరించారు, ఆమె వంటవాళ్లతో మాట్లాడుతూ నిలబడే ఉంది. మన దేశంలో ఎక్కువ మార్పిడులు బతికున్నవాళ్లు ఇచ్చినవే, ఇచ్చేవాళ్లలో అత్యధికులు ఆడవాళ్లు. పుచ్చుకునేవాళ్లలో? ఐదుగురిలో నలుగురు మగవాళ్లు. ఆడవాళ్ల కిడ్నీలు అంత గట్టివా, మగవాళ్లకు ప్రేమ తక్కువా? జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయ్యో, టైం అయిపోవస్తోంది, చనిపోయినవారి దానం గురించి ఇంకా చెప్పనే లేదు. గబగబా చెప్పేస్తాను.

బ్రెయిన్ డెత్ అంటే కోమా కాదు. కోమాలో వాచ్‌మన్ కాదు, బిల్డింగ్ మొత్తం నిద్రలో ఉంటుంది, లేవొచ్చు. బ్రెయిన్ డెత్‌లో... ఈ పోలిక ఇక్కడ పనికిరాదు, వదిలేయండి. మెదడు కాండం శాశ్వతంగా ఆగిపోయింది, గుండె వెంటిలేటర్ పుణ్యాన ఆడుతోంది, అంతే. నలుగురు డాక్టర్ల బృందం, ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షిస్తుంది. వెంటిలేటర్ ఊపిరి ఆపి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగినా తనంతట తాను ఊపిరి తీస్తాడా అని చూస్తారు. మార్పిడి చేసే డాక్టర్లు ఆ బృందంలో ఉండకూడదు.

తెలంగాణలో ఈ దానాలను పంజాగుట్ట నిమ్స్ నుంచి ప్రభుత్వ అవయవదాన పథకం 'జీవన్‌దాన్' చూస్తుంది. దేశంలో సగటున పది లక్షల మందికి ఒక్క దాత కూడా లేరు, మన దగ్గర 2024లో దాదాపు ఐదుగురు. మీరు జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకున్నా, ఆ రోజు ఐసీయూ బయట సంతకం పెట్టాల్సింది మీ ఇంట్లోవాళ్లే. కాబట్టి కార్డు పర్సులో దాచుకుని ఊరుకోకండి, వాళ్లకు చెప్పండి.

ఆఖరిది. "మా నాన్న ఇంట్లో పోయారు, కిడ్నీలు ఇస్తామంటే తీసుకోలేదు" అని కొందరు కోప్పడతారు. గుండె ఆగి ఇంట్లో పోయినవారి కిడ్నీలు, కాలేయం పనికిరావు, రక్తం ఆగగానే పాడవుతాయి. కళ్లు మాత్రం ఇవ్వొచ్చు, ఆరు గంటల్లోపు. ఐ బ్యాంకుకు ఫోన్ చేయండి. వాళ్లొచ్చే లోపు కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టండి. ఫ్యాన్ ఆపేయండి.