ఎరుపు ఎంత నలుపు?

(ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా పలకరించాలి గానీ, టైము తక్కువ. అందరికీ కలిపి ఒకటే నమస్కారం. 1839 ఆగస్టు 19న ఫోటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటైన డాగెర్ పద్ధతిని ఫ్రాన్స్‌లో లోకానికి వెల్లడించారు కాబట్టి ఈ రోజు ఈ సభ.

బ్లాక్ అండ్ వైట్ ఫోటోకి అంత బలం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పమన్నారు. రంగులు పోతే చూపు భావం మీదికి వెళ్తుందని చాలామంది అంటారు. అది సగం నిజం. ఫోన్‌లో మోనో నొక్కితే రంగు పోతుంది కదా, మరి ఆ ఫోటో ఎందుకంత చప్పగా ఉంటుంది? ఏ రంగు ఏ గ్రేగా మారాలో ఎవరూ నిర్ణయించలేదు కాబట్టి! ఆ నిర్ణయంలోనే బలమంతా ఉంది. నేను చెప్పదలచుకున్నది ఇదే.

ఆకుపచ్చ పట్టుచీర, ఎర్రంచు. కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఎడిటింగ్ యాప్‌లో శాచురేషన్, అంటే రంగు గాఢత, సున్నా చేసి చూడండి. రెండు రంగుల వెలుగూ ఒకటే అయితే రెండూ ఒకే గ్రేలో కలిసిపోతాయి, అంచు మాయం. ఇప్పుడు, ఏ రంగు ఎంత తెల్లగా రావాలో విడిగా మార్చే బ్లాక్ అండ్ వైట్ మిక్సర్‌లో ఎరుపు స్లైడర్ పెంచండి, అంచు తెల్లగా తేలుతుంది. తగ్గిస్తే నల్లబడుతుంది. కానీ అదే ఎరుపు మొహంలోనూ ఉంది. పెంచితే ఛాయ తేరి మచ్చలు తగ్గుతాయి, దాంతోపాటు పెదాలూ కుంకుమ బొట్టూ వెలిసిపోతాయి. తగ్గిస్తే ప్రతి ముడతా లేచి నిలబడుతుంది. ఎండలో పనిచేసిన రైతు మొహానికి అది బాగుంటుంది, పెళ్లికూతురికి బాగోదు. ఆకాశం కోసం నీలాన్ని మరీ కిందికి లాగితే గింజ (ఇసుక చల్లినట్టు చుక్కలు) లేస్తుంది, మేఘం అంచున తెల్లటి గీత వస్తుంది. ఇదంతా చేయాలంటే ఫైలు రా లో, అంటే కెమెరా పట్టిన సమాచారమంతా ఉంచే రూపంలో, ఉండాలి. మోనో జేపెగ్‌లో తీస్తే రంగు సమాచారం కెమెరాలోనే పోయింది, ఇక స్లైడర్ కదిపి లాభం లేదు.

ఫిల్మ్ రోజుల్లో ఈ పని లెన్స్ ముందు పెట్టే రంగు గాజు, అంటే ఫిల్టర్, చేసేది. పసుపు ఫిల్టర్‌కి ఒక స్టాప్, నారింజకు రెండు, ఎరుపుకు మూడు స్టాపులు ఎక్కువ వెలుగు ఇవ్వాలి. ఒక్కో స్టాప్‌కీ వెలుగు రెట్టింపు. 1927 ఏప్రిల్‌లో అమెరికాలోని యోసెమిటీలో ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ హాఫ్ డోమ్ కొండను గాజు ప్లేట్ (ఫిల్ముకు బదులు వాడే గాజు పలక) మీద తీస్తూ మొదట పసుపు ఫిల్టర్ పెట్టారు. ఆకాశం మామూలు గ్రేగా వస్తుందని, కొండ తన కళ్లకు కనిపించినంత గంభీరంగా రాదని అప్పుడు తట్టింది. మిగిలింది ఒకటే ప్లేట్. ముదురు ఎరుపు ఫిల్టర్ తగిలించి దాని మీద తీశారు. నీలం వెలుగు ఆగిపోయింది, ఆకాశం దాదాపు నల్లబడింది, కొండ ముందుకొచ్చింది. షట్టర్ నొక్కకముందే ప్రింట్ ఎలా ఉండాలో ఆయనకు తెలుసు. దయచేసి ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: షట్టర్ నొక్కకముందే.

మన దగ్గరే రామప్ప ఉంది. గుడి గోడ ఎర్రటి ఇసుకరాయి, చూరు కింది మదనికలు (స్త్రీల శిల్పాలు) నల్లరాయి. ఎరుపు పెంచితే గోడ తెల్లబడుతుంది, నల్లరాయి నల్లగానే ఉంటుంది, బొమ్మ విడివడుతుంది. అయితే నల్లరాయి ఎక్కువగా ఫ్రేములో ఉంటే కెమెరాలో వెలుగు కొలిచే మీటర్ దాన్ని మధ్యస్థ గ్రేగా చూపించాలని వెలుగు పెంచేస్తుంది, రాయి వెలవెలబోతుంది. ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గించండి. తెల్ల పంచె కట్టిన మనిషి దగ్గర దీనికి తిరగేసి, ఒకటిన్నర స్టాప్ పెంచండి. శిల్పం మీది నగల చెక్కడం తెలియాలంటే వెలుగు పక్క నుంచి ఏటవాలుగా రావాలి. ఫ్లాష్ ఎదురుగా కొడితే ఆ చెక్కడమంతా చదునైపోతుంది.

తర్వాత ప్రింటు గురించి అనుకున్నాను. కానీ ఒకటి చెప్పకుండా ఉండలేను, ప్రింటు ఆగుతుంది.

ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలపు మామూలు ప్లేట్లు నీలం వెలుగునే ఎక్కువగా పట్టుకునేవి. అందుకే ఆ కాలపు ఫోటోల్లో ఆకాశం వట్టి తెలుపు, ఎరుపు దాదాపు నలుపు. మనుషులు అసలు ఛాయకన్నా నల్లగా పడ్డారు. ఇప్పుడు పాత ఫోటోకి రంగులు వేయిస్తున్నారే, ఆ యంత్రానికి ఈ సంగతి ఏం తెలుసు? ముత్తవ్వ నల్లచీర కట్టుకుందంటుంది. అది ఎర్రచీర కావచ్చు! రంగు వేసుకోండి, వద్దనను. కానీ వేశాక పాత నెగటివ్‌ను చెత్తలో వేస్తున్నారు. ఇది మహాపరాధం. దీన్‌దయాళ్ గాజు ప్లేట్లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. మీ ఇంటి ఫిల్ముకు మీరే కళాకేంద్రం.

ఇంట్లో పాత నెగటివ్‌లు ఉన్నవాళ్లు ఒకసారి చేతులెత్తండి. సగం మంది ఉన్నారు! అయితే వినండి. వెనిగర్ వాసన వస్తోందా? ఫిల్ము కుళ్లడం మొదలైంది. వాటిని మిగతావాటి నుంచి ఈ రోజే విడదీయండి, ముందుగా కాపీ తీయాల్సింది వాటినే. మెత్తటి పీవీసీ కవర్లు వద్దు, వానాకాలంలో అతుక్కుంటాయి. ఆమ్లం లేని కాగితం కవర్లు వాడండి. బూజు పట్టినచోట తడిగుడ్డతో తుడవొద్దు. బూజు తిన్న జెలటిన్ (బొమ్మను పట్టి ఉంచే పూత) నీళ్లకు కరిగి, దాంతోపాటు బొమ్మ కూడా లేచిపోతుంది. ఫ్రేము గాజుకు అతుక్కున్న ఫోటోను పీకొద్దు, గాజుతో సహా అలాగే కాపీ తీయండి.

కాపీ తీయడానికి లైట్ బాక్స్ (కింది నుంచి సమంగా వెలిగే పెట్టె), మ్యాక్రో లెన్స్ (దగ్గరి వస్తువును పెద్దగా తీసేది), ట్రైపాడ్ చాలు. నిగనిగలాడే వైపు కెమెరాకు ఉంటే బొమ్మ తిరగబడదు. గది చీకటి చేసి, నెగటివ్ చుట్టూ మిగిలిన వెలుగును నల్లకాగితంతో మూసి, రా లో తీయండి. స్కానర్ ఉంటే 35 ఎంఎం ఫిల్ముకు 3200 డీపీఐ (అంగుళానికి చుక్కలు), కాగితం ఫోటోకి 600.

ఫోటోలో ఎవరున్నారో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఉండగానే అడిగి, పేర్లు, ఊరు పెన్సిల్‌తో కవర్ మీద రాయండి. నెగటివ్ లోపల పెట్టకముందే రాయండి, పెట్టాక రాస్తే ఆ ఒత్తిడికి గీత పడుతుంది.