కొండమీదికి బాణం వేయాలంటే విల్లు ఎంత ఎత్తాలి?

తమ్ముడు: నమస్కారమండీ. తిరుపతి భవానీనగర్‌లో మా మేడమీద కూర్చుని మాట్లాడుతున్నాం. ఎదురుగా కొండ కనిపిస్తోంది, దీపాలు ఇప్పుడిప్పుడే వెలుగుతున్నాయి. వారం రోజులుగా నేను బ్రౌజర్‌లో ఆడుతున్న బాణాల ఆట గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. మా అక్క బడిలో ఫిజిక్స్ చెబుతుంది, అందుకే కూర్చోబెట్టాను.

అక్క: ముందు ఆట ఎలా ఉంటుందో చెప్పరా, చూడనివాళ్ళు ఉంటారు.

తమ్ముడు: డౌన్‌లోడ్ ఏమీ అక్కర్లేదు, ట్యాబ్ తెరిస్తే చాలు. ఎడమవైపు మన మనిషి, కుడివైపు ఎదుటివాడు. మౌస్ నొక్కిపట్టి వెనక్కి లాగితే నారి సాగుతుంది, వదిలితే బాణం పోతుంది. దెబ్బ తగిలినవాడు గుడ్డబొమ్మలా కూలిపోతాడు. నాకు మాత్రం వాడు పడే తీరు కంటే బాణం పోయే తీరే ఇష్టం. మొదటి రెండు రోజులూ ఒకటే టెన్షన్. సగం లాగితే సగం దూరం పోతుందనుకున్నా. బాగా ఇవతలే పడిపోయేది.

అక్క: ఎంత ఇవతల?

తమ్ముడు: స్క్రీన్ మీద వేలితో కొలిచానక్కా. ఇంచుమించు నాలుగో వంతు.

అక్క: భలే పట్టావురా! ఇలాంటి ఆటల్లో మామూలుగా ఎంత లాగితే అంత వేగం. వేగం సగమైతే బాణం గాలిలో ఉండే సమయం సగమవుతుంది, ముందుకు పోయే వేగమూ సగమవుతుంది. సగంలో సగం, అంటే నాలుగో వంతు. స్ప్రింగులా సాగే నిజం విల్లయినా ఇంతే. సగం లాగితే అందులో చేరే శక్తి నాలుగో వంతే, దాంతో వేగం సగానికి వస్తుంది. ఇది నేను బోర్డు మీద రాస్తే పిల్లలు నోట్సులో ఎక్కించుకుని ఊరుకుంటారు. నువ్వు వేలితో కొలిచి కనుక్కున్నావు. నాకు ఎంత సంతోషంగా ఉందో.

తమ్ముడు: ఇంకొకటి. ఎదుటివాడి గుండెకు సూటిగా గురిపెడితే ఎప్పుడూ కాళ్ళ దగ్గరే పడుతుంది.

అక్క: నారి వదిలిన క్షణం నుంచే బాణం పడటం మొదలవుతుంది కదా. పారిస్ 2024 ఒలింపిక్స్‌లో మన విజయవాడ బొమ్మదేవర ధీరజ్ బాణం వేసింది 70 మీటర్ల నుంచి. ఆ టార్గెట్ అడ్డం 122 సెంటీమీటర్లు, నడిమి పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లే. బాణం సెకనుకు 60 మీటర్ల వేగంతో పోతుందనుకో, చేరేసరికి సెకను దాటుతుంది. ఆ కాస్తలోనే అది గురిపెట్టిన గీత నుంచి ఆరున్నర మీటర్లకు పైగా కిందికి జారుతుంది. రెండంతస్తుల మేడంత!

తమ్ముడు: అమ్మమ్మవాళ్ళ తోటలో తోతాపురి కాయలు కొట్టేటప్పుడు చెప్పేది, కాయను చూసి విసరొద్దు, కాయ పైన చూసి విసురు అని. బంగారుపాళ్యం పోయినప్పుడల్లా అదే పాఠం.

అక్క: అవును, నాకూ అలాగే నేర్పింది.

తమ్ముడు: సరే, ఇప్పుడు నన్ను ఆపేసిన లెవెల్. ఎదుటివాడు ఎత్తయిన బండమీద ఉంటాడు. దూరం పోవాలంటే 45 డిగ్రీలని చదువుకున్నాం కదా, బలమంతా పెట్టి 45లో వేశాను. బండకే గుచ్చుకుంది.

అక్క: 45 చదును నేలకేరా. పైకి వేయాలంటే లెక్క మారుతుంది. అటు కొండ చూడు. ఇక్కడి నుంచి ఆ అంచుకు ఒక గీత గీశామనుకో, నిట్టనిలువుగా ఇంకో గీత. బలమంతా పెట్టినా అందీ అందనట్టున్న చోటికి చేరాలంటే విల్లు ఆ రెండు గీతలకూ సరిగ్గా నడిమధ్యకు తిప్పాలి. గీత 30 డిగ్రీల ఏటవాలులో ఉంటే విల్లు 60లో. నేల చదునైతే సున్నాకూ 90కీ నడుమ 45. నువ్వు చదువుకున్నది అందులో ఒక ముక్కే.

తమ్ముడు: దీన్ని ఎవరూ ఇలా చెప్పలేదక్కా!

అక్క: ఇంకేమైనా వింత కనిపించిందా?

తమ్ముడు: ఒక్కసారి నా బాణం సన్నటి చెక్క డాలును తాకకుండా అవతలికి వెళ్ళిపోయింది. విరగలేదు, గీత కూడా పడలేదు.

అక్క: ఆట సెకనుకు 60 సార్లు బొమ్మ గీస్తుందనుకో. 60 మీటర్ల వేగమున్న బాణం ఒక బొమ్మ నుంచి ఇంకో బొమ్మకు మీటరు దూకుతుంది. ఒక బొమ్మలో డాలుకు ఇవతల, తర్వాతి బొమ్మలో అవతల. మధ్యలో తాకిందో లేదో ఎవరూ చూడలేదు. అందుకే బాక్స్‌టుడీ లాంటి ఫిజిక్స్ ఇంజిన్లలో, అంటే ఆటలో వస్తువుల కదలికలు లెక్కవేసే ప్రోగ్రాముల్లో, వేగంగా పోయే వస్తువుకు ‘బుల్లెట్’ అని గుర్తు పెడతారు. అప్పుడు నడుమ దారిని కూడా లెక్కవేస్తుంది.

తమ్ముడు: సరే, ఆ బండ లెవెల్ ఇప్పుడే వేస్తున్నా. ఏటవాలు ముప్పై ఉంటుంది. విల్లు అరవైకి ఎత్తాను... పూర్తిగా లాగాను... వదిలాను. పైకి పోయింది, స్క్రీన్ దాటిపోయింది... వస్తోంది, వస్తోంది... భుజానికి తగిలింది!

అక్క: ల్యాప్‌టాప్ ఇటివ్వరా, తర్వాతి బాణం నేను వేస్తాను.