రోటర్‌డామ్ రివ్యూ: వాలిన ఇళ్లు, అద్దాల గిన్నె

అందరికీ నమస్తే! నేను నెదర్లాండ్స్‌లో ఆర్కిటెక్చర్ చదువుతున్నాను. పోయిన వారం మా క్లాసు 18 మందిమీ కలిసి రోటర్‌డామ్ వెళ్లొచ్చాం. అక్కడి కొత్త కట్టడాల్లో ఏది తప్పక చూడాలో నాకు అనిపించింది చెప్తాను.

మేడమ్ మమ్మల్ని ముందుగా ఏ బిల్డింగ్ దగ్గరికీ తీసుకెళ్లలేదు. ఫుట్‌పాత్‌లో పొదిగిన ఒక ఎర్ర లైటు దగ్గర నిలబెట్టారు. 1940 మే 14న జర్మన్ విమానాలు బాంబులేసినప్పుడు మంటలు ఎక్కడిదాకా వచ్చాయో చూపించే గుర్తు అది. ఊరి నడిబొడ్డు కాలిపోయింది, దాదాపు 80 వేల మంది నిలువ నీడ లేకుండా పోయారు. ఇది తెలిశాకే, ఒక్క ఊళ్లో ఇన్ని ప్రయోగాలు ఎలా వచ్చాయో నాకు అర్థమైంది.

తర్వాత క్యూబ్ ఇళ్లు, అంటే స్తంభాల మీద ఒరిగించి నిలిపిన పెట్టెల్లాంటి ఇళ్లు. పీట్ బ్లోమ్ డిజైన్, 1984లో పూర్తయ్యాయి. ఒక్కో ఇల్లు ఒక చెట్టు, అన్నీ కలిస్తే అడవి, ఇదీ ఆయన ఆలోచన. ఫొటోలు తీసుకుని వచ్చేయకండి, టికెట్ కొని మ్యూజియంగా ఉంచిన ఇంట్లోకి వెళ్లండి. మెట్లు బాగా ఇరుకు, మేం నలుగురేసి ఎక్కాం. హాల్లో గోడలు బయటికి వాలి ఉంటాయి, కిటికీలోంచి చూస్తే వీధి సరిగ్గా మన కాళ్ల కింద కనిపిస్తుంది. మామూలు బీరువా ఏ గోడకీ ఆనదు, సామాను కొలిచి చేయించుకోవాల్సిందే. కాపురానికి కష్టమే. అయినా ఇల్లంటే ఇలాగే ఉండాలి అన్న నా లెక్క ఆ గదిలో మారిపోయింది. 10కి 8.

పక్కనే మార్క్ట్‌హాల్, 2014లో తెరిచారు. కమాను ఆకారంలో 228 ఫ్లాట్లు, దాని కింద సంత! కొన్ని ఇళ్ల కిటికీలు లోపలికే, కూరగాయల అంగళ్ల వైపే తెరుచుకుంటాయి. కప్పు నిండా పళ్లు, పూలు, చేపల బొమ్మలు. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం జనంలో తలెత్తి చూసే వీలుండదు. ఎరాస్మస్ వంతెన మాత్రం ట్రామ్‌లో కాదు, నడిచే దాటండి.

నా మనసు దోచుకున్నది డిపో బోయిమన్స్. 2021లో తెరిచారు, ఎంవీఆర్‌డీవీ అనే ఆర్కిటెక్చర్ సంస్థ డిజైన్. 1,664 అద్దాల పలకలు తొడిగిన పెద్ద గిన్నెలా ఉంటుంది. మామూలుగా మ్యూజియంలు తాళం వేసి దాచే గోడౌన్ ఉంటుంది కదా, ఇక్కడ దాన్నే జనానికి తెరిచారు. 1,51,000 వస్తువులు! ఏ కాలానివన్న వరస లేదు, దేనికెంత చల్లదనం, ఎంత తేమ కావాలో దాన్ని బట్టి సర్దారు. మా ఎదురుగానే ఒక ఉద్యోగి గ్లవ్స్ వేసుకుని పెయింటింగ్ వెనక చెక్క ఫ్రేమ్‌ను టార్చితో పరీక్షిస్తున్నారు. 18 మందిమీ మాట్లాడకుండా చూస్తూ ఉండిపోయాం. దీనికి 10కి 10.

పైకప్పు మీద బర్చ్ చెట్లున్నాయి, అక్కడిదాకా ఎక్కండి. కిందికి దిగాక అద్దాల ముందు కాసేపు నిలబడండి. ఆకాశం, సైకిళ్లు, చుట్టూ ఉన్న టవర్లు, మనం, అన్నీ ఒకే పలకలో వంగి కనిపిస్తాయి.