మోటారు విప్పే ముందు కాయిల్‌ను పరీక్షించండి

శ్రోతలకు నమస్కారం. ఎండలు ముదిరేసరికి గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలు మిర్చి టిక్కీలతో నిండిపోతాయి. కంప్రెసర్ మోటారు ఆగితే కుదరదు. అలాంటప్పుడు ఒక ఫేజులో కరెంటు ఎక్కువ కనిపిస్తే వైండింగు పోయిందేమోనని అందరికీ గుబులు. కాస్త ఆగండి. మీటరు చూపే అంకె నిజమో కాదో ముందు తేల్చుకుందాం.

కరెంటు కొలిచే మీటరుకు తగిలించి, కేబుల్ చుట్టూ తాడులా చుట్టి బిగించే కాయిల్‌కు రొగోవ్‌స్కీ కాయిల్ అని పేరు. వాల్టర్ రొగోవ్‌స్కీ, స్టైన్‌హౌస్ అనే ఇద్దరు 1912లో దీన్ని వివరించారు. లోపల ఇనుము ఉండదు కాబట్టి, స్టార్టింగులో మోటారు తీసుకునే ఆరేడు రెట్ల కరెంటుకు కూడా ఇది సాచురేట్ కాదు, అంటే అయస్కాంతత్వం నిండిపోయి రీడింగు తగ్గిపోదు. అయితే ఈ కాయిల్ పసిగట్టేది కరెంటు మారే వేగాన్ని. దాన్ని మళ్లీ ఆంపియర్లుగా మార్చేది ఇంటిగ్రేటర్ సర్క్యూట్. అందుకే మారకుండా ఉండే బ్యాటరీ డీసీ కరెంటు దీనికి అందదు. పైగా వచ్చే వోల్టేజీ చాలా తక్కువ. 50 హెర్ట్జ్ దగ్గర వెయ్యి ఆంపియర్లకు 85 మిల్లీవోల్టులిచ్చే రకం తీసుకుంటే, 60 ఆంపియర్లకు వచ్చేది 5 మిల్లీవోల్టులే. పక్కనే వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్) కేబుల్ ఉంటే దాని నాయిస్ ఇందులో కలుస్తుంది.

అసలు చిక్కు కాయిల్ రెండు కొసలు కలిసే జాయింటు దగ్గర. అక్కడ చుట్ల వరుసకు చిన్న ఖాళీ వస్తుంది. కేబుల్ ఆ జాయింటును ఆనుకుని ఉంటే రీడింగు తప్పుతుంది. కేబుల్‌ను కాయిల్ మధ్యలోకి తెచ్చి, కాయిల్‌ను దానికి అడ్డంగా నిలబెట్టండి. జాయింటు పక్క ఫేజు కేబుల్‌కు కూడా దూరంగా ఉండాలి. బస్‌బార్‌కు, అంటే కరెంటు మోసే లోహపు పట్టీకి, తొడుగు లేకపోతే సప్లై ఆపాకే కాయిల్ తగిలించండి, ఇందులో మొహమాటం వద్దు.

ఇప్పుడు పరీక్ష. కాయిల్‌ను మూసి, కరెంటు పోతున్న కేబుల్ పక్కన పెట్టండి. చుట్టొద్దు. సున్నా రావాలి. ఎంత వస్తే అంత బయటి నుంచి దూరిన తప్పు. తర్వాత మూడు ఫేజులకు వాడే మూడు కాయిళ్లనూ ఒకే కేబుల్‌కు తొడగండి. మూడూ ఒకే అంకె చూపకపోతే తేడా మోటారులో కాదు, కాయిళ్లలో ఉంది. కరెంటు మరీ తక్కువైతే, పొడవు చాలినప్పుడు కాయిల్‌ను కేబుల్ చుట్టూ రెండుసార్లు తిప్పి, వచ్చిన అంకెను రెండుతో భాగించండి.

కాయిళ్లు సరిగ్గానే ఉన్నా ఫేజుల మధ్య తేడా మిగిలితే లైన్ వోల్టేజీలు చూడండి. 420, 415, 410 అనుకుందాం. వోల్టేజీలో అసమానత 1.2 శాతమే, కానీ మోటారు కరెంటులో అది ఆరు నుంచి పది రెట్లవుతుంది, అంటే 7 నుంచి 12 శాతం దాకా. చివరగా, సప్లై ఆపి, మోటారు వైర్లు మూడింటినీ స్టార్టర్ దగ్గర ఒక్కో స్థానం ముందుకు జరపండి. తిరిగే దిశ మారదు. ఎక్కువ కరెంటు పాత లైనులోనే ఉంటే లోపం సప్లైది, ఫ్యూజులూ జాయింట్లూ చూడాలి. మోటారు వైరుతోపాటు ఆ ఎక్కువ కరెంటు కూడా వేరే లైనుకు మారితే అప్పుడు వైండింగు విప్పండి.