లివర్‌పూల్ మిడ్‌ఫీల్డ్ రివ్యూ: అడిగినవాడు రాలేదు, లీగ్ మాత్రం వచ్చింది

నమస్తే అండీ అందరికీ. ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్ విండో (ఆటగాళ్లను కొని అమ్మే గడువు) తెరుచుకుందంటే చాలు, ఏ క్లబ్ ఫ్యాన్‌ని కదిపినా ఒకటే మాట: "మాకొక మంచి మిడ్‌ఫీల్డర్ కావాలి." సరే, కొందాం. ఏ పని చేసేవాడు కావాలి? అది తేల్చుకోకుండా పేరు చూసి కొంటే డబ్బు ఖర్చవుతుంది, ఆట ఉన్నచోటే ఉంటుంది. అందుకే ఈ రోజు 2023లో ఇంగ్లండ్ క్లబ్ లివర్‌పూల్ చేసిన మిడ్‌ఫీల్డ్ కొనుగోళ్లను తీసుకున్నాను. ఇందులో పక్కాగా వేసిన లెక్కా ఉంది, కలిసొచ్చిన అదృష్టమూ ఉంది.

ముందు అప్పటి పరిస్థితి. 2021-22లో ఈ టీమ్ రెండు కప్పులు గెలిచింది, లీగ్ ఒక్క పాయింట్ తేడాతో చేజారింది, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. మరుసటి సీజన్ ముగిసేసరికి ఐదో స్థానం! అప్పటి కోచ్ క్లాప్ ఆటలో ఫుల్‌బ్యాక్‌లు (రెండు అంచుల్లో ఆడే డిఫెండర్లు) ఇద్దరూ పైకి వెళ్లిపోతారు. వాళ్లు వదిలిన ఖాళీని కాచేది మిడ్‌ఫీల్డర్లే. హెండర్సన్, మిల్నర్ల వయసు మీద పడింది, ఫబీనియో వేగం తగ్గింది. బంతి పోయిందంటే చాలు, అవతలివాళ్లు నేరుగా మధ్యలో ఉండే డిఫెండర్లు, అంటే సెంటర్‌బ్యాక్‌ల మీదికి పరిగెత్తుకొచ్చేవారు. దీనికి మందుగా 2022 విండో చివరి రోజున ఇటలీ క్లబ్ యువెంటస్ నుంచి మిడ్‌ఫీల్డర్ ఆర్థర్ మెలోని లోన్ మీద (అరువుగా) తెచ్చారు. గాయాలూ తోడయ్యాయి, ఆ సీజన్ మొత్తంలో ఫస్ట్ టీమ్‌కి ఆయన ఆడింది 13 నిమిషాలు. అంతే.

2023 వేసవిలో మాత్రం పని ముందే మొదలుపెట్టారు. బ్రైటన్ నుంచి మెకాలిస్టర్, రిలీజ్ క్లాజ్ (ఒప్పందంలో ముందే రాసుకున్న అమ్మకం ధర) పుణ్యమా అని సుమారు 35 మిలియన్ పౌండ్లకే. ప్రపంచకప్ గెలిచిన అర్జెంటీనా టీమ్‌లో ఆడినవాడు ఆ ధరకి! నా లెక్కలో పదికి తొమ్మిదిన్నర. లైప్‌జిగ్ నుంచి సోబోస్లాయ్, సుమారు 60 మిలియన్లు. ఒకడు బంతిని నిలబెట్టేవాడు, ఇంకొకడు పరిగెత్తేవాడు. ఇక్కడిదాకా లెక్క బాగుంది.

చిక్కంతా వాళ్ల వెనక, డిఫెన్స్ ముందు కాపలాగా ఆడాల్సిన నంబర్ సిక్స్ దగ్గర వచ్చింది. హెండర్సన్, ఫబీనియో ఇద్దరూ సౌదీకి వెళ్లిపోయారు. కైసెడో కోసం బ్రైటన్‌తో 110 మిలియన్లకు పైనే మాట కుదిరింది, ఆయనేమో చెల్సీకే వెళ్తానన్నాడు. లావియా కూడా చెల్సీకే వెళ్లాడు. చివరికి స్టుట్‌గార్ట్ నుంచి 30 ఏళ్ల ఎండో వచ్చాడు, జపాన్ కెప్టెన్. ఆఖరి రోజున బాయర్న్‌లో బెంచ్ మీదే ఎక్కువగా కూర్చున్న గ్రావెన్‌బర్ఖ్. ఈలోగా మెకాలిస్టర్‌నే వెనక ఆడించారు. బంతి కాళ్ల దగ్గర ఉన్నంతసేపు బ్రహ్మాండం. పోయిందా, అంత ఖాళీని ఒక్కడే కాయలేకపోయాడు. ఎండో కుదురుకుని వెనక నిలబడ్డాక మెకాలిస్టర్‌ని పైకి పంపారు, అక్కడి నుంచే అసలు మెకాలిస్టర్ కనిపించాడు. ఆటగాడు మారలేదు, పక్కనున్నవాడు మారాడు.

2024లో క్లాప్ స్థానంలో కోచ్‌గా స్లాట్ వచ్చాడు. మళ్లీ అదే సిక్స్ వేట, ఈసారి రియల్ సొసైడాడ్ జుబిమెండి. ఆయన కూడా రానన్నాడు. చేసేదేం లేక గ్రావెన్‌బర్ఖ్‌ని వెనక్కి దించారు. అప్పటిదాకా బంతి పట్టుకుని ముందుకు దూసుకెళ్లే ఆటగాడిగానే ఆయన్ని అందరం చూశాం.

ఇక్కడ కాస్త ఆగుదాం, ఒక్క విషయం దగ్గరగా చూపించాలి. సెంటర్‌బ్యాక్ వాన్ డైక్ కాళ్ల దగ్గర బంతి ఉన్నప్పుడు స్క్రీన్ మీద బంతిని చూడకండి, గ్రావెన్‌బర్ఖ్ తలని చూడండి. పాస్ రాకముందే భుజం మీదుగా వెనక్కి ఒక చూపు. వీపు మీద ప్రత్యర్థి ఉన్నాడు, ఎటువైపు ఉన్నాడో తెలిసిపోయింది. బంతి వస్తుంటే ఆపడు. ఒంటిని పక్కకి తిప్పి, దాన్ని శరీరం ముందు నుంచి దొర్లనిచ్చి, అవతలి కాలితో ఒక్క టచ్. అంతే, ప్రెస్ చేయడానికి, అంటే మీదపడి బంతి లాక్కోవడానికి వచ్చినవాడు వెనకబడిపోయాడు, ముందు ఇరవై గజాల ఖాళీ. కంట్రోల్ అంటే నా దృష్టిలో ఇదే. అరవై శాతం పొజెషన్ (బంతి మన దగ్గర ఉన్న సమయం) కాదు. ఆ టర్న్ తెలియనివాడైతే బంతిని మళ్లీ సెంటర్‌బ్యాక్‌కే ఇస్తాడు, ఆయన పాస్ యాక్యురసీ మాత్రం కాగితం మీద 93 కనిపిస్తుంది. ట్యాక్లింగ్ లెక్కలూ అంతే. సరైన చోట నిలబడేవాడికి కింద పడి లాక్కోవాల్సిన అవసరం తక్కువ. మీ క్లబ్‌తో ఎవరి పేరైనా వినిపిస్తే హైలైట్స్ కాదు, ఒక్క మ్యాచ్ పూర్తిగా చూడండి.

ఇక బ్యాలెన్స్. 2024-25లో ఫార్వర్డ్ సలా లీగ్‌లో 29 గోల్స్ కొట్టి, 18 అసిస్టులిచ్చాడు. ఆయన వెనక్కి పెద్దగా రాకపోయినా నడిచింది. ఎందుకంటే ఆ పరుగంతా సోబోస్లాయ్ పరిగెత్తాడు. ఆయన గోల్స్ చూసి "60 మిలియన్లకి ఇంతేనా" అన్నవాళ్లున్నారు, వాళ్లతో నేను అస్సలు ఒప్పుకోను. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ని 5-1తో ఓడించి, ఇంకా నాలుగు మ్యాచ్‌లు ఉండగానే లీగ్ ఖాయం చేసుకున్నారు. గ్రావెన్‌బర్ఖ్‌కి లీగ్ బెస్ట్ యంగ్ ప్లేయర్ అవార్డు వచ్చింది.

ఇది కొత్త సంగతేం కాదు. 2011లో యువెంటస్ వరుసగా రెండు సీజన్లు ఏడో స్థానంలో ముగించి ఉంది. మిలాన్ వదిలేసిన పిర్లోని ఫ్రీగా తెచ్చుకుంది. అదే వేసవిలో విడాల్‌ని కూడా కొనడం అసలు తెలివి. పిర్లో పరిగెత్తడు, విడాల్ ఆగడు. ఆ సీజన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా ఛాంపియన్స్ అయ్యారు. దీనికి తలకిందులు 2003 రియల్ మాడ్రిడ్: బెక్‌హమ్‌ని కొని, వెనక కాపలా కాసే మాకెలెలెని చెల్సీకి అమ్మేసింది. మళ్లీ లీగ్ గెలవడానికి 2007 దాకా పట్టింది. మాకెలెలె ఉన్న చెల్సీ 2004-05 లీగ్ మొత్తంలో ఇచ్చిన గోల్స్ 15.

మరి 2025లో లివర్‌పూల్ అదే పాఠం పాటించిందా? 100 మిలియన్లకు పైగా పోసి విర్ట్‌జ్‌ని తెచ్చింది. ఆటగాడిగా వంక పెట్టలేం. కానీ సీజన్ మొదట్లో సోబోస్లాయ్‌ని రైట్‌బ్యాక్‌లో (కుడివైపు ఫుల్‌బ్యాక్‌గా) ఆడించాల్సి వచ్చింది, మధ్యలో ఆ పరుగు తగ్గింది. శరదృతువులో లీగ్‌లో వరుసగా నాలుగు ఓటములు. వేరే కారణాలూ ఉన్నాయి, ఒప్పుకుంటాను, కానీ నా వేలు ముందు ఇక్కడే చూపిస్తుంది. జుబిమెండి అన్నారా? ఆయన చివరికి ఆర్సెనల్‌కి వెళ్లాడు, అక్కడి మిడ్‌ఫీల్డర్ రైస్ పక్కన. ఆ జోడీ గురించి వచ్చే వీడియోలో మాట్లాడదాం.